తాతగారి కారు ముందద్దం

ఆ మాట నిహెయ్ నోరు జారి అన్నది కాదు. తెలిసే అన్నాడు. కాస్త గొప్పగా కూడా అన్నాడు.

"ఒకచోట ఉంది," అన్నాడు టీ కప్పు బల్ల మీద పెడుతూ. "నా కళ్ళతో చూశాను."

మినకావా ఫోను పెట్టేసి ఇటు తిరిగాడు. ఐజు పట్నంలో కార్లకి అద్దాలు బిగించే ఆ కొట్టు అతనిది. తండ్రి పోయాక ఆ కుర్చీలో కూర్చుని ఆరేళ్ళయింది. కొట్టులో పనిచేసేది నిహెయ్ ఒక్కడే. మినకావా నిక్కర్లేసుకుని తిరిగే రోజుల నుంచి అక్కడే ఉన్నాడు కాబట్టి, యజమాని అయినా మినకావా అతన్ని అన్నా అనే పిలుస్తాడు.

తొమ్మిది రోజులుగా ఇద్దరూ వంతులేసుకుని ఫోన్లు చేస్తూనే ఉన్నారు. కారు చేసిన కంపెనీవాళ్ళు ఎంతో మర్యాదగా, ఆ అద్దం చెయ్యడం మానేసి ముప్ఫై ఏళ్ళయిందని చెప్పి, మూడుసార్లు క్షమించమన్నారు. ఒసాకాలో పాత కార్లు విప్పి సామాన్లు అమ్మేవాడు ఫోనులోనే పకపకా నవ్వాడు. "ఆ కారుకి ఇంజను అడుగు, రెండిస్తా. తలుపులడుగు, ఇంటికి పంపిస్తా. ముందద్దం మాత్రం అడక్కు బాబూ. నా దగ్గరే ఏడుగురు వరసలో నిలబడున్నారు." నాగొయాలో అచ్చు పోసి కొత్తగా చేసిపెట్టేవాళ్ళున్నారు. పదిమంది కలిసి అడిగితేనే అచ్చు పోస్తారట. ఆ పైన తొమ్మిది నెలలట.

వెనక షెడ్డులో తకామురా డాక్టరు కారు ముందద్దం లేకుండా నిలబడి ఉంది. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, ముదురాకుపచ్చ రంగు. యాభై ఏళ్ళ కిందటిది. కొండదారిలో ముందుపోతున్న లారీ చక్రం కింద నుంచి గులకరాయి ఒక్కటి ఎగిరి తగిలింది. ఆ కాలపు అద్దం ఇప్పటి అద్దాల్లాగా బీట తీసి ఊరుకోదు. తగిలిన చోటు నుంచి తెల్లగా పాకి, మొత్తం పంచదార పలుకులైపోయి ఒళ్ళో రాలుతుంది. డాక్టరు ఆ ఎదురుగాలికి కళ్ళు చికిలించుకుంటూ పన్నెండు కిలోమీటర్లు నడుపుకుని కొట్టుకి వచ్చాడు. వంగి నమస్కారం పెట్టినప్పుడు జుట్టులోంచి అద్దప్పలుకులు నేల మీద టపటపా రాలాయి. ఆయన పళ్ళ డాక్టరు. "పళ్ళ డాక్టరు కారుకి ముందుపళ్ళు ఊడాయి," అని ఆయన వెళ్ళాక మినకావా నవ్వాడు. తొమ్మిదోనాటికి ఆ నవ్వు లేదు. నెలాఖరుకి కారు తనిఖీ గడువు. ముందద్దం లేని కారుని తనిఖీవాళ్ళు గేటులోంచే వెనక్కి పంపేస్తారు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా గడువు దాటనివ్వలేదని డాక్టరు చెప్పుకున్నాడు. డాక్టరు బావమరిది పాత కార్ల వ్యాపారి. కొట్టుకి వచ్చే పనిలో సగం ఆయన పంపేదే.

"ఎక్కడ చూశావు?" అన్నాడు మినకావా.

"పైన కొండమీద ఊళ్ళో. కిందటేడు సాసె వాళ్ళ చిన్న ట్రక్కుకి అద్దం వేసొచ్చాను కదా. వాళ్ళ కొట్టంలో గుడ్డ కప్పి ఉంది. ఊరుకోలేక మూల పైకెత్తి చూశాను. ఇదే కారు. తెల్లది. అద్దం చెక్కుచెదరలేదు."

"కిందటేడు చూసి ఇవాళా చెప్పడం?"

"విప్పి అమ్మే కారు కాదది. ఆ ఇంటి ముసలాయన కారు."

"నడుపుతాడా?"

"లైసెన్సు తిరిగిచ్చేశాట్ట. కొడుకు బ్యాటరీ కూడా తీసేశాడు."

"మరి?"

మినకావా అప్పటికే కోటు వేసుకుంటున్నాడు.

*

వాళ్ళు వెళ్ళేసరికి తోమోయె చూరు కింద కూర్చుని గుప్పెడంత లావున, నున్నగా ఉన్న కాకి అనే నారింజరంగు పండ్లకి తొక్క తీస్తోంది. తీసినవాటిని తాడుకి గుచ్చి ఎండకి వేలాడదీస్తోంది. సాసె యోకిచి కోడలు ఆమె. యాభై అయిదేళ్ళుంటాయి. భర్త కొరియామాలో ఉద్యోగం, శనివారం రాత్రిళ్ళు వస్తాడు. మినకావా తెచ్చిన మిఠాయి పెట్టె రెండు చేతులా అందుకోబోయి, చేతులు జిగటగా ఉన్నాయని మోచేతులతో అందుకుంది.

మామగారు ఇంట్లో లేరు. ముసలివాళ్ళని పగలంతా చూసుకునే కేంద్రం నుంచి వ్యాను తొమ్మిదింటికి వచ్చి తీసుకెళ్తుంది, నాలుగింటికి దింపుతుంది. వారానికి మూడు రోజులు.

మినకావా సంగతి చెప్పాడు. బాగా చెప్పాడు. డాక్టరుగారి పేరు చెప్పి, ఆయన ఇస్తానన్న డబ్బెంతో చెప్పి, తాము కారుని ముట్టుకోబోమని, అద్దం ఒక్కటేనని చెప్పాడు. తోమోయె వింటూనే తొక్క తీస్తోంది. ఆ తొక్క తెగకుండా పొడుగ్గా కిందకి దిగుతోంది.

"అద్దం ఒక్కటేనా?"

"అద్దం, దాని చుట్టూ రబ్బరు. అంతే."

"తెల్లారి టీ తాగ్గానే వెళ్ళి అందులో కూర్చుంటారండీ మావయ్య," అంది. "స్టీరింగు పట్టుకుని. వ్యాను వచ్చేదాకా అక్కడే. వ్యాను డ్రైవరుతో 'నా డ్యూటీ అయింది, ఇక నువ్వు నడుపు' అంటారు. ఈ లోయలో ముప్ఫైనాలుగేళ్ళు బస్సు నడిపారు కదా."

నిహెయ్ కొట్టం వైపు చూశాడు. "ఆయన్ని ఒక మాట అడిగితే?" అన్నాడు.

మినకావా అతని వంక చూశాడు. తోమోయె నవ్వింది.

"అడిగితే ఇస్తారా? కిందటి ఎండాకాలం టోక్యో నుంచి ఒకాయన కారు మొత్తం కొంటానని వచ్చాడు. చీపురు తీసుకుని గేటు దాకా తరిమారు. ఈయనకి ఎనభైనాలుగు, ఆయనకి నలభై. అయినా వీపు మీద రెండు పడ్డాయి." నవ్వు ఆపి కత్తి పక్కన పెట్టింది. "మతిమరుపు వచ్చేసిందండీ. నిన్న నన్ను మా అత్తగారి పేరు పెట్టి పిలిచారు. ఆవిడ పోయి పదకొండేళ్ళు. స్నానాలగదిలో ఇప్పటికి రెండుసార్లు పడ్డారు. గోడకి కడ్డీలు వేయించాలి, గదికి వేడి పెట్టించాలి. ఈ చలికాలం గట్టెక్కాలంటే అది జరగాలి. డాక్టరుగారిచ్చేది దానికే. నాకోసం కాదు."

"అయ్యో, అలా ఎవరన్నారమ్మా," అన్నాడు మినకావా.

"ఊరికే కూర్చోడానికి అద్దం ఎందుకు చెప్పండి? గమనించను కూడా గమనించరు." ఆ మాట నిహెయ్‌తో అంది. అతనే ఆ అద్దం తీసేవాడని చేతులు చూసి కనిపెట్టింది కాబోలు. "గురువారం వెళ్తారు. తొమ్మిది దాటాక రండి."

నిహెయ్ తల ఊపాడు. తల ఊపినందుకు ఆమె ముఖంలో కనబడిన తేలిక చూసి, తను చేసేది మంచిపనే కాబోలనుకున్నాడు కూడా.

*

గురువారం నిహెయ్ ఒక్కడే వెళ్ళాడు. తీసేటప్పుడు రెండో మనిషి అక్కర్లేదు. బిగించేటప్పుడే కావాలి.

గుడ్డ తీసేసరికి కారు తళతళలాడింది. నాలుగేళ్ళుగా కదలని కారు మీద వేలు పెడితే దుమ్ము అంటలేదు. డ్రైవరు సీటు మీద గుండ్రంగా కుట్టిన దిండు ఒకటుంది, దాని నడుమ పల్లం పడి ఉంది. నిహెయ్ ఆ దిండు తీసి పక్కసీట్లో పెట్టాడు.

కొత్త కార్లకి అద్దాన్ని జిగురుతో అంటిస్తారు. తీగ పెట్టి కోస్తే వచ్చేస్తుంది. ఇలాంటి పాతవాటిలో అద్దం చుట్టూ లావుపాటి రబ్బరు ఉంటుంది. రబ్బరు లోపలి పెదవి రేకు అంచుని కరిచి పట్టుకుంటుంది. రబ్బరు కోసేస్తే అద్దం తేలిగ్గా వస్తుంది, కానీ డాక్టరు కారు రబ్బరు మూలల్లో చీలిపోయింది. ఇది ముక్క కాకుండా రావాలి. యాభై ఏళ్ళ రబ్బరు, ఎండుచేపలాగా బిగుసుకుపోయి ఉంది. తోమోయె కెటిల్ తర్వాత కెటిల్ వేణ్ణీళ్ళు కాచి తెచ్చింది. నిహెయ్ తువ్వాళ్ళు ముంచి, పిండి, రబ్బరు మీద పరిచి, చల్లారగానే మళ్ళీ ముంచాడు. గంటన్నర అదే పని. మెత్తబడ్డాక సబ్బునీళ్ళు ఎక్కించి, తను చెక్కుకున్న వెదురుబద్ద లోపలి పెదవి కిందకి దూర్చాడు. ఇనుప పనిముట్టు అయితే అద్దం అంచుని ఒక్క గీటు గీసినా చాలు, అంతా పలుకులే. వెదురు దూరిన మేర వేలెడంత పెదవి రేకు మీద నుంచి లేచింది. ఇంకో వేలెడు. ఇంకో వేలెడు. ఒక మూల తిరిగేసరికి పన్నెండయింది. తోమోయె అన్నం ఉండలు, ముల్లంగి పచ్చడి పెట్టింది. నిలబడే తిన్నాడు.

ఒంటిగంటన్నరకి లోపల కూర్చుని, చెప్పులు విప్పి, రెండు పాదాలూ అద్దానికి ఆనించి, గాలి పీల్చుకున్నంత నెమ్మదిగా తోశాడు. పై అంచు చిన్న శబ్దం చేసి లేచింది. బయటికి వచ్చి రెండు చేతులా ఎత్తి తీశాడు. ఎక్కడా గీటు లేదు. ఒక్కడే ఉన్నా "అబ్బ" అన్నాడు. ఇలాంటి పని ఈ జిల్లాలో ఇంకెవడు చెయ్యగలడు? దుప్పటి పరిచి దాన్ని పడుకోబెట్టి, నాలుగు వైపులా మడిచి తాడు కట్టాడు.

ముడి వేస్తుండగా వాకిట్లో వ్యాను తలుపు జరిగిన చప్పుడయింది.

కేంద్రంలో ఎవరికో జ్వరం వచ్చిందని అందర్నీ ముందే ఇళ్ళకి పంపేశారు. తోమోయె వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేలోగా యోకిచి కర్ర పొడుచుకుంటూ తిన్నగా కొట్టంలోకి వచ్చేశాడు. బక్కమనిషి. మెడకి ఉన్ని గుడ్డ, తల మీద పాత బస్సు కంపెనీ టోపీ. గుమ్మంలో ఆగాడు. కారు ముఖాన ఉన్న బొక్కకేసి చూశాడు. నేల మీద దుప్పటి మూటకేసి చూశాడు. తర్వాత నిహెయ్ కేసి.

నిహెయ్ చీపురు ఎక్కడుందా అని చూశాడు. గోడకే ఆనించి ఉంది.

ముసలాయన టోపీ తీశాడు.

"వచ్చిందా మేస్త్రీ?" అన్నాడు.

"ఏది తాతగారూ?"

"కొత్త అద్దం. వైపరు గీతలు పడ్డాయి, మార్చాలని కంపెనీకి ఉత్తరం రాశా. దొరికితే పంపిస్తామన్నారు. ఇన్నాళ్ళకి వచ్చిందన్నమాట." నడుం పట్టుకుని, వంగగలిగినంత వంగి నమస్కారం పెట్టాడు. "ఇంత కొండెక్కి వచ్చావు. రుణపడిపోయా."

నిహెయ్ కూడా వంగాడు. ఏం చెయ్యాలో తెలియక ఇంకా ఎక్కువ వంగాడు.

"దీనికి లోపల కూర్చుని తాడు లాగడానికి ఒకడుండాలిగా? నేను కూచుంటా. డిపోలో బస్సద్దాలకి నేనే లాగేవాణ్ణి." కర్ర గోడకి ఆనించి, అప్పుడే చొక్కా చేతులు మడుస్తున్నాడు. "కానియ్యి మేస్త్రీ. ఇద్దరమున్నాం, అరగంట పని."

నిహెయ్ తల ఎత్తాడు. ముసలాయన భుజం వెనక తోమోయె నిలబడి ఉంది. రొమ్ము దగ్గర చేతులు రెండూ జోడించి ఉంది.

"ఇవాళ కాదు తాతగారూ," అన్నాడు నిహెయ్. తన గొంతు అంత మామూలుగా వచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసింది. "ముందు పాతది కొలత చూసుకోవాలి. ఇది పట్టుకెళ్ళి, కొత్తది తెచ్చి వేస్తా."

"పట్టుకెళ్తున్నావా దీన్ని?"

"కొలతకి."

"కొలతకి." ముసలాయన మడిచిన చొక్కా చెయ్యి ఒక్కో మడతా విప్పాడు. "ఎప్పుడు తెస్తావు?"

"మంచు పడేలోగా."

"మంచు పడేలోగా," అని ఆయన బస్సు వేళ చెప్పినట్టు తిరిగి చెప్పాడు. "సరే మేస్త్రీ. చూస్తుంటా."

మూట ట్రక్కు ఎక్కిస్తుంటే ఆయనే వచ్చి ఒక కొస పట్టుకున్నాడు.

*

మర్నాడు పొద్దున్న అద్దం డాక్టరు కారుకి ఎక్కింది.

అంతకుముందు నిహెయ్ దాని మీద మిగిలిన పాత తనిఖీ చీటీ వేడిగుడ్డతో నానబెట్టి, బ్లేడుతో గీకేశాడు. అద్దానికి రబ్బరు తొడిగి, రబ్బరు గాడిలో చుట్టూతా సన్నటి తాడు పరిచి, రెండు కొసలూ కింద మధ్యలో లోపలికి వదిలాడు. మినకావా లోపల కూర్చున్నాడు. బయట నిహెయ్ అరచేతులతో నొక్కుతూ "లాగు" అన్నప్పుడల్లా మినకావా తాడు బెత్తెడు లాగేవాడు. తాడు వచ్చినచోట రబ్బరు పెదవి పైకి లేచి రేకంచుని కరుచుకునేది. నొక్కు, లాగు. నొక్కు, లాగు. చివరి బెత్తెడు వచ్చేశాక అద్దం నిట్టూర్చినట్టు తన చోట్లో కూర్చుంది.

"అన్నా, నీ చేతులకి బీమా చేయించాలి," అన్నాడు మినకావా లోపల్నుంచి.

సోమవారం తనిఖీ అయిపోయింది. సాయంత్రం డాక్టరు చేపముక్కల పెట్టెలు రెండు తెచ్చి, ఒకటి ప్రత్యేకంగా నిహెయ్ చేతికిచ్చాడు. కారు చుట్టూ తిరిగి, కొత్త చీటీకేసి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మంచి మనిషే. ఆ అద్దం ఎక్కడిదని అడగలేదు, మినకావా చెప్పలేదు.

"ఆదివారం కొండదారిలో తిప్పుతారా డాక్టరుగారూ?" అని నిహెయ్ అడిగాడు.

"అబ్బే. ఇక రోడ్ల మీద ఉప్పు చల్లేస్తారుగా, మంచుకి. అడుగు తుప్పు పట్టిపోతుంది. షెడ్డులో పెట్టి తాళం వెయ్యడమే. మళ్ళీ మే నెలకి తీస్తా."

నిహెయ్ చేపముక్కల పెట్టె పట్టుకుని నిలబడ్డాడు.

ఆ రాత్రి నుంచే ఫోన్లు మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి ఒక్కడే. ఒసాకావాడు గొంతు గుర్తుపట్టాడు. "మళ్ళీ నువ్వేనా! ఇప్పుడు ఎనిమిదోవాడివి, సరేనా?" నాగొయావాళ్ళు అదే మర్యాదతో అదే మాట చెప్పారు. బుధవారం నిహెయ్ తన డబ్బులతో దళసరి ప్లాస్టిక్ పలక ఒకటి కొని తెచ్చాడు. డాక్టరు కారు అద్దం మీద పెట్టి తీసుకున్న కాగితం కత్తిరింపు ఉంది. దాని ప్రకారం కోసి, అంచులు ఆకురాయితో నున్నగా చేసి, వేడిగాలి పెట్టి వంచడం మొదలుపెట్టాడు. గాజుకి కొలిమిలో వచ్చే వంపు చేతితో వస్తుందా? కుడివైపు కుదిరితే ఎడమవైపు లేచేది. ఎడమవైపు నొక్కితే నడుమ అల పడేది.

"గాజు మేస్త్రీవి, ప్లాస్టిక్కు బిగిస్తావా?" అన్నాడు మినకావా. నవ్వుతాలకే అన్నాడు. నిహెయ్ నవ్వకపోయేసరికి గొంతు తగ్గించాడు. "పోనీలే అన్నా. ఆయనకి తేడా ఏం తెలుస్తుంది? ఏదో ఒకటి ఉంటే చాలు."

"ఊఁ."

"నువ్వు చేసింది తప్పేం కాదు. వాళ్ళింటివాళ్ళే ఇచ్చారు."

"ఊఁ," అన్నాడు నిహెయ్, వేడిగాలి గొట్టం ఎత్తుతూ. తప్పు కానిదానికి ఈ తంటా ఎందుకని అతనూ అనుకున్నాడు.

శుక్రవారం తోమోయె ఫోను చేసింది.

"మావయ్య కేంద్రానికి వెళ్ళడం మానేశారండీ. అద్దం మేస్త్రీ వస్తాడు, నేను లేకపోతే తాడెవరు లాగుతారంటున్నారు. పొద్దున్నుంచి చీకటిపడేదాకా అందులోనే. ఎదురుగా బొక్క, గాలి తిన్నగా ముఖానికి కొడుతోంది. దగ్గు పట్టుకుంది. లోపలికి రండంటే మాట చెప్పిన మనిషి వస్తాడంటారు." ఆమె గొంతు బొంగురుపోయింది. "నేనే కదా రమ్మన్నది. ఏదో ఒకటి తెచ్చి పెట్టండి. మీకు దణ్ణం పెడతా."

*

శనివారం పొద్దున్న కొండల తలలు కనబడటం లేదు. ఆకాశం బూడిద రంగులో కిందికంటా దిగి ఉంది. నిహెయ్ ప్లాస్టిక్ పలకకి డాక్టరు కారు పాత రబ్బరు తొడిగి, చీలిన మూలల్ని జిగురుతో అతికి తెచ్చాడు.

యోకిచి సీట్లోనే ఉన్నాడు. ఒళ్ళో దుప్పటి, మెడకి ఉన్ని గుడ్డ, తల మీద టోపీ. ముక్కు కొన ఎర్రబడి ఉంది. ట్రక్కు చప్పుడు విని స్టీరింగు మీద నుంచి చేతులు తీశాడు.

"వచ్చావా మేస్త్రీ," అన్నాడు.

"ఆలస్యమైంది తాతగారూ."

"మంచు ఇంకా పడలేదుగా. వేళకే వచ్చావు."

తోమోయె కారు పక్కనే నిలబడి ఉంది. "చూశారా మావయ్యా, వస్తారన్నానా," అంటూ నిహెయ్‌కేసి చూసింది. ఆ చూపు పడలేక అతను గాడిలో తాడు పరవడంలో మునిగాడు. వేడిగా ఏదైనా పెడతానని ఆమె ఇంట్లోకి వెళ్ళింది.

పలక ఎత్తి కారుకి ఆనించి, తాడు కొసలు రెండూ లోపలికి వదిలాడు. ముసలాయన వాటిని అందుకున్నాడు. ఒక కొసని ఎడమచేతికి చుట్టుకుని, రెండోది కుడిచేత్తో పట్టుకున్నాడు. అది తెలిసినవాడు పట్టుకునే తీరు. తర్వాత చూపుడువేలి గోటితో పలక మీద ఒకసారి తట్టాడు. చెక్కని తట్టినట్టు మొద్దు చప్పుడు.

"లాగమంటావా?"

"లాగండి. నెమ్మదిగా."

బెత్తెడు తాడు వచ్చింది. నిహెయ్ నొక్కాడు. పెదవి లేచి రేకుని పట్టుకుంది. ఇంకో బెత్తెడు. మినకావా కన్నా బాగా లాగుతున్నాడు. ఎంత నొక్కితే అంతే లాగుతున్నాడు, ఒక్కసారి కూడా 'ఆగండి' అనాల్సిన పని పడలేదు. మొదటి మూల తిరిగారు. రెండో వైపు సగానికి వచ్చాక, లాగే చెయ్యి ఆపకుండానే, లాగమంటావా అని అడిగిన గొంతుతోనే ఆయన అన్నాడు.

"నాకారోజే తెలుసు మేస్త్రీ."

నిహెయ్ చేతులు ఆగిపోయాయి.

"చెయ్యి తియ్యకు. రబ్బరు జారిపోద్ది."

నిహెయ్ నొక్కాడు.

"యాభై ఏళ్ళు దాన్లోంచి చూశా. నువ్వు దుప్పట్లో చుట్టినా, సమాధిలో పెట్టినా నా అద్దం నాకు తెలీదా? కంపెనీకి నేను ఏ ఉత్తరమూ రాయలేదు." బెత్తెడు తాడు వచ్చింది. "చీపురు తీద్దామనే అనుకున్నా. తీస్తే నువ్వు పారిపోతావు, అద్దంతో సహా. అదే దణ్ణం పెట్టి, కొత్తది తెచ్చావా నాయనా అంటే... సిగ్గుపడి తిరిగి పెట్టేస్తావేమోనని. ఇద్దరమున్నాం, అరగంట పని అని కూడా చెప్పా."

"తాతగారూ..."

"మూడో మూల. ఇక్కడ గట్టిగా నొక్కు." ఆయన దగ్గాడు, కొస వదల్లేదు. "నువ్వు మంచు పడేలోగా అన్నావు. సరే, మనసు మారడానికి వారం రోజులు అడుగుతున్నాడు కాబోలనుకున్నా. అందుకే కూచున్నా ఈ చలిలో. నువ్వు పని చేసేవాడివి, పని చేసేవాడు ఊరుకోలేడనుకున్నా."

నిహెయ్‌కి పలకకి అవతల ఆయన టోపీ మాత్రం కనబడుతోంది. ఏదో చెప్పాలి. కాళ్ళ మీద పడాలి. కానీ రెండు అరచేతులూ ప్లాస్టిక్ మీదే ఉండాలి, లేకపోతే ఇప్పటిదాకా ఎక్కింది కూడా ఊడి వచ్చేస్తుంది.

"తీసుకొచ్చేస్తా," అన్నాడు. "డాక్టరుగారితో నేను చెబుతా. విప్పి తెచ్చి—"

"రెండోసారి విప్పితే ఉంటదా అది? పలుకులైపోద్ది. ఇద్దరికీ లేకుండా పోద్ది." ముసలాయన లాగడం ఆపాడు. "అది వేసిన కారు నడుస్తుందా?"

నిహెయ్‌కి తాళం వేసిన షెడ్డు కళ్ళ ముందుకొచ్చింది.

"నడుస్తుంది తాతగారూ," అన్నాడు. "రోజూ నడుస్తుంది."

"అయితే సరే." మళ్ళీ లాగాడు. చివరి మూల తిరిగింది. ఇక బెత్తెడు తాడే మిగిలింది. "తోమోయెకి చెప్పకు."

"ఏమని?"

"నాకు తెలుసని. తెలిస్తే రేపట్నుంచి నాకు అన్నం పెట్టేటప్పుడు తలెత్తలేదు. అది తలొంచుకుని పెడితే నేను తినలేను. ఇద్దరం ఈ ఇంట్లోనే ఉండాలి కదయ్యా. చలికాలం చాలా పొడుగు." కొసకేసి చూశాడు. "అత్తగారి పేరు పెట్టి పిలిచానని ఏడ్చింది మొన్న. అది నిజంగానే మర్చిపోయా. దీన్ని కూడా మర్చిపోతే బాగుండును. ఎంత చూసినా ఇది మాత్రం పోవడం లేదు."

"ఇకమీదట... పొద్దున్న కూర్చోవడం..."

"కూచోవాలిగా. మానేస్తే ఆ పిల్లకి అనుమానం రాదూ?"

ఆఖరి బెత్తెడు లాగేశాడు. తాడు మొత్తం ఆయన ఒళ్ళో పడింది. పలక కుదురుకున్న చప్పుడేమీ కాలేదు. ఆయన తాడుని మోచేతికి, బొటనవేలికి మధ్య పొందికగా చుట్టి, తలుపు సందులోంచి నిహెయ్‌కి అందించాడు. నిహెయ్ రెండు చేతులా అందుకున్నాడు.

అప్పుడు ముసలాయన గొంతు పెంచాడు. నిహెయ్ అప్పటిదాకా వినని గొంతు, బస్సులో ఆఖరి వరస దాకా వినబడే గొంతు.

"తోమోయే! ఒసే తోమోయే! కొత్తద్దం వేసేశాడే మేస్త్రీ! వచ్చి చూడు!"

తోమోయె పళ్ళెంలో వేడి గిన్నెలు పెట్టుకుని, ఒలికిపోతున్నా చూసుకోకుండా పరిగెత్తుకొచ్చింది. కారు ముందుకొచ్చి నిహెయ్ పక్కన ఆగింది. లోపల ముసలాయన రెండు చేతులూ స్టీరింగు మీద వేసి నిటారుగా కూర్చుని ఉన్నాడు. ప్లాస్టిక్కులో నడుమ పడిన అల ఆయన ముఖానికి అడ్డంగా వచ్చింది. నుదురు ఒకచోట, గడ్డం ఒకచోట. మధ్యన ఏముందో వంకరపోయి తెలియడం లేదు.

"గమనించలేదు కదూ?" అంది తోమోయె గుసగుసగా. కళ్ళు నీళ్ళతో మెరుస్తున్నాయి. "పాపం, ఏమీ తెలీదు. చూడండి, ఎలా నవ్వుతున్నారో."

పక్కకి రెండడుగులు వేస్తే చాలు. తలుపుకున్నది గాజద్దమే, అందులోంచి ముఖం ఉన్నదున్నట్టు కనబడుతుంది. నిహెయ్ ఆ రెండడుగులూ వెయ్యలేదు.

"అవునమ్మా," అన్నాడు. "నవ్వుతున్నారు."